వినడం కూడా అభయదానమే

దానాలన్నింటిలో అభయదానం శ్రేష్ఠమని పెద్దల మాట. భయగ్రస్తులకు అభయమివ్వడానికి తొలిమెట్టు వారి మాట వినడం.

భగవద్గీతలో మొదటి అధ్యాయం అర్జునవిషాదయోగం. గాండీవం జారుతున్నదని, శరీరం వణకుతున్నదని అర్జునుడు మొరపెట్టుకున్నాడు. ఆ అధ్యాయమంతటా శ్రీకృష్ణుడు పలికింది ఒక్క వాక్యమే. ముందు ఆలకించి, పిదప ఉపదేశించాడు.

ఈ పాఠం ఏండ్ల తరబడి చెప్పానే గాని ఆచరించలేదు. ప్రొద్దుటూరులో ఒక ఇల్లాలు భర్త కొట్టే దెబ్బల సంగతి ఎత్తబోగా, గ్రహశాంతి చేయించుకొమ్మని చెప్పి పంపివేశాను. ఆమె మరల రాలేదు. ఆ దోషం నాది. నేటికీ నా మనస్సులో ములుకై ఉన్నది.

హైదరాబాదులోని రోష్ని సంస్థ సేవకులు 1997 నుండి దుఃఖితుల మాటలను తప్పుపట్టక ఫోనులో ఆలకిస్తున్నారు. 1996లో అక్కడే ఆరంభమైన ప్రజ్వల, అక్రమ రవాణాకు గురైన స్త్రీలకు, బాలికలకు ఆశ్రయమిచ్చి విద్య, వృత్తి నేర్పుతున్నది.

జమ్మలమడుగువారైనా, పులివెందులవారైనా 14416కు ఫోను చేస్తే, ప్రభుత్వ టెలీ మానస్ సేవ తెలుగులో, ఉచితంగా, రేయింబవళ్లు లభిస్తుంది. గృహహింసకు గురైన స్త్రీలకు 181 ఉన్నది.

దాతలారా! అన్నదానంతోపాటు ఇట్టి సంస్థలకూ యథాశక్తి ఇవ్వండి. ధనమివ్వలేనివారు చెవియొగ్గండి. అదీ దానమే.