కసిం కుండ పక్కింటికీ తెలియాలి

శ్రీకాళహస్తిలో కలంకారీ కలం పట్టుకునే ముసలివాణ్ణయ్యాను. కొత్తగా పనిలోకి వచ్చిన పిల్లలు "మీ నలుపు అంత గట్టిగా ఎలా నిలుస్తుంది తాతా?" అని అడుగుతుంటారు. వాళ్ళకు చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

1. ఇంటి విద్య అని దాస్తే అది ఇంటితోనే పోతుంది. మన ఊళ్ళో ఈ పని దాదాపు అడుగంటిన రోజులుండేవి. కమలాదేవి చట్టోపాధ్యాయగారి పట్టుదల వల్ల 1957లో అఖిల భారత హస్తకళల బోర్డు ఇక్కడ శిక్షణ కేంద్రం పెట్టింది. జొన్నలగడ్డ లక్ష్మయ్యగారు తన చేతిలోని విద్యను బయటి పిల్లలకు నేర్పారు. ఆయన కుమారుడు గురప్పశెట్టిగారూ ఎందరికో గురువయ్యారు, 2008లో పద్మశ్రీ అందుకున్నారు. వాళ్ళు గుప్పిట మూసుకుని ఉంటే మనకు ఈ కూడు ఉండేది కాదు.

2. పాళ్ళు చెప్పి ఊరుకోవద్దు, గుర్తులు కూడా చెప్పండి. తుప్పు పట్టిన ఇనుము, బెల్లం, నీళ్ళు కుండలో వేసి రెండు మూడు వారాలు పులియబెడితే కసిం అనే నల్ల సిరా అవుతుందని ఎవరైనా చెబుతారు. అది ఎప్పుడు సిద్ధమైందో వాసన, రంగు చూసి పట్టుకోవడమే అసలు పని. కరక్కాయ పట్టించిన గుడ్డముక్క మీద ఓ గీత గీయండి. కరక్కాయలోని వగరూ ఇనుమూ కలవగానే నల్లబడాలి. కసిం మరీ ఘాటుగా ఉంటే ఆ గీత ఉన్నచోటే గుడ్డ కొన్నేళ్ళకు చివికిపోతుంది. పక్కవాడిని పిలిచి, వాసన చూపించి, వాడి చేతనే గీయించండి. నోటిమాటతో ఇది రాదు.

3. నలుగురు కలిసినప్పుడు బాగా వచ్చిన పటంతో పాటు చెడిన గుడ్డనూ పరవండి. గీత పాకిందా? కరక్కాయ నీళ్ళలో కలిపిన ఎనుము పాలు పలచనయ్యాయేమో. ఆ పాలలోని కొవ్వే సిరాను పాకనివ్వదు. ఎరుపు మచ్చలుగా వచ్చిందా? పటిక నీళ్ళు ఒకచోట చిక్కగా, ఒకచోట పలచగా పడి ఉండవచ్చు. ఒకరి గుడ్డ చూస్తే పదిమందికి నష్టం తప్పుతుంది.

4. నీళ్ళ సంగతి ఒకరికొకరు చెప్పుకోండి. పటిక పూసిన గుడ్డను పారే నీళ్ళలోనే జాడించాలి. నిలవ నీళ్ళలో ముంచితే ఊడిన పటిక తెల్లగా ఉండాల్సిన చోట అంటుకుంటుంది, తర్వాత మంజిష్ఠతో ఉడికించినప్పుడు అక్కడా ఎర్రబడుతుంది. స్వర్ణముఖి ఏడాది పొడవునా పారదు. ఎక్కడ కాలువ పారుతోందో, ఎవరి బోరు నీళ్ళకు రంగు మారుతోందో తెలిసినవాళ్ళు చెప్పాలి.

5. పెడన వెళ్ళి రండి. అక్కడివాళ్ళు టేకు అచ్చులతో అద్దుతారు, మనం కలంతో గీస్తాం. కరక్కాయ, కసిం, పటిక ఇద్దరివీ. ఎవరిది అసలు కలంకారీ అన్న వాదన నాకు నచ్చదు. బారు గుడ్డ మీద రంగు అంతటా ఒకే తీరుగా తేవడం వాళ్ళ దగ్గర నేర్చుకోవాలి. దేవతల ముఖాల్లో కళ తేవడం మన దగ్గర చూడమని వాళ్ళను పిలవాలి.

6. పద్ధతి అందరిదీ, బొమ్మ మాత్రం గీసినవాడిది. ఇంకొకరి రామాయణ పటంలోని అమరిక నచ్చితే అడిగి తీసుకోండి, కొన్నవాళ్ళకు ఆయన పేరు చెప్పండి. రసాయన రంగు వాడితే అదీ చెప్పండి.

7. మన పనిశాలల్లో రంగులు నింపేది ఎక్కువగా ఆడవాళ్ళే. ఏ గీత పక్కన ఏ రంగు ఎంత పాకుతుందో వాళ్ళకు తెలిసినంతగా చాలామంది గీసేవాళ్ళకు తెలియదు. అయినా నలుగురం కూర్చుని పని గురించి మాట్లాడుకునేటప్పుడు వాళ్ళను పిలవం. ఇకనైనా పిలవండి. వాళ్ళు చెప్పేది వినండి, చింతబొగ్గు చేతికిచ్చి బొమ్మ గీయడం కూడా నేర్పండి.