కరిగిపోయే స్టెంటు – కరిగిపోని బాధ్యత



వైద్య సహాయం కోసం మన సొసైటీకి వచ్చే అర్జీల్లో గుండె జబ్బులవి తప్పకుండా ఉంటాయి. నల్లగొండ నుంచి గానీ, మహబూబ్‌నగర్ నుంచి గానీ రోగిని హైదరాబాదుకు తీసుకుపోతే ఇంటివాళ్ల చెవిన పడే మాట 'స్టెంటు'. అప్పుడు కొందరు దాతలు మమ్మల్ని అడుగుతుంటారు: "సార్, కరిగిపోయే స్టెంటు వచ్చిందట కదా! ఖరీదైనా అదే వేయించండి, పైసలు మేమిస్తాం." వారి మనసు గొప్పది. అయితే జకాత్, సదఖా సొమ్ము మన చేతిలో అమానత్. దాన్ని ఖర్చు చేసే ముందు విషయం తెలుసుకోవాలి. మేము డాక్టర్లం కాము, పాఠం చెప్పేవాళ్లం. కనుక పెద్ద పరిశోధనల్లో తేలిన సంగతులను పాఠంలాగే చెబుతాము.

స్టెంటు ఏం చేస్తుంది?

గుండె కండరానికి రక్తం తెచ్చే నాళంలో కొవ్వు పేరుకుంటే దారి ఇరుకవుతుంది. 1977లో జ్యూరిచ్‌లో గ్రుంట్‌జిగ్ అనే డాక్టరు సన్నని బెలూనుతో ఆ దారిని వెడల్పు చేసి చూపించాడు. కానీ కొందరిలో నాళం మళ్లీ ముడుచుకుపోయేది. అందుకే 1986 నుంచి లోహపు జాలీ గొట్టాన్ని లోపల నిలపడం మొదలైంది. అదే స్టెంటు. తర్వాత దానికి మందు పూత పూసి, నాళం తిరిగి మూసుకుపోయే అవకాశాన్ని బాగా తగ్గించారు. స్టెంటు పేదవాడికి అందాలన్న తపనతో 1990లలో మన హైదరాబాదులోనే డాక్టర్ సోమరాజు, ఏ.పి.జె. అబ్దుల్ కలాం కలిసి తక్కువ ధర స్టెంటును రూపొందించారు. దాన్నే కలాం-రాజు స్టెంటు అంటారు.

కరిగే స్టెంటు ఎందుకు పుట్టింది?

స్లాబు పోసేటప్పుడు కింద సెంట్రింగు కొడతారు. కాంక్రీటు గట్టిపడ్డాక తీసేస్తారు. పాలమూరు మేస్త్రీలకు ఇది చెప్పనక్కరలేదు. లోహపు స్టెంటు తీయడానికి వీల్లేని సెంట్రింగు లాంటిది, జీవితాంతం లోపలే ఉంటుంది. నాళం మానాక దానంతట అదే మాయమయ్యేది ఉంటే మేలు కదా అని శాస్త్రజ్ఞులు ఆలోచించారు. అలా పాలీలాక్టిక్ ఆమ్లం అనే పదార్థంతో చేసిన 'అబ్సార్బ్' స్టెంటు వచ్చింది. అది సుమారు మూడేళ్లలో కరిగి, చివరికి నీరు, బొగ్గుపులుసు వాయువుగా మారిపోతుంది. మన దేశంలోనూ 2012 తర్వాత కొన్నేళ్లు దాన్ని వేశారు.

ఏళ్లు గడిచాక ఏం తేలింది?

అమెరికా, ఆస్ట్రేలియాలలో 2,008 మంది రోగులపై పెద్ద పరీక్ష జరిగింది. కొందరికి అబ్సార్బ్, కొందరికి మందు పూసిన లోహపు స్టెంటు వేసి ఏళ్ల తరబడి గమనించారు. మొదటి ఏడాది ఫలితాలు కాస్త అటూ ఇటూగా ఉన్నాయి. 2016 జూలైలో అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. క్వార్టర్లీ మార్కులు చూసి పిల్లవాడి చదువును తేల్చకూడదని మేము తరగతిలో చెబుతుంటాము. ఇక్కడా అదే జరిగింది.

మూడేళ్లు నిండేసరికి గుండె సంబంధ మరణం, ఆ నాళం వల్ల గుండెపోటు, అదే చోట మళ్లీ చికిత్స – ఈ మూడింటిలో ఏదో ఒకటి కరిగే స్టెంటు వారిలో నూటికి 13.4 మందికి, లోహపు స్టెంటు వారిలో 10.4 మందికి ఎదురైంది. స్టెంటులో రక్తం గడ్డకట్టడం 2.3 శాతం, 0.7 శాతంగా ఉంది. సంఖ్య చిన్నదే అయినా తేడా మూడు రెట్లు. 2017 సెప్టెంబరులో కంపెనీ అమ్మకాలు ఆపేసింది.

కారణం సెంట్రింగు పోలికతోనే అర్థమవుతుంది. లోహమంత బలం రావాలంటే ఈ పదార్థాన్ని మందంగా చేయాలి. లోహపు తీగ మందం 80 మైక్రాన్ల దగ్గర ఉంటే దీనిది 150 దాటింది. సన్నని నాళంలో అది రక్తప్రవాహానికి అడ్డమైంది. పైగా కరిగేటప్పుడు కొన్నిచోట్ల ముక్కలు సడలి రక్తం పారే దారిలోకి వచ్చి, గడ్డకట్టడానికి కారణమయ్యాయి.

ధైర్యం చెప్పే సంగతి కూడా ఉంది. అదే పరీక్షలో మూడు నుంచి ఐదేళ్ల మధ్య, అంటే స్టెంటు కరిగాక, ఆ అదనపు ప్రమాదం కనిపించలేదు. ఆ రోజుల్లో అది వేయించుకున్నవారు ఇప్పుడు భయపడనక్కరలేదు. అలాగని "కరిగిపోయింది కదా, మందులెందుకు" అనుకోకూడదు. స్టెంటు కరిగినా జబ్బు కరగదు. ఇప్పుడు ఇంకా సన్నని తీగలతో కొత్తవి వస్తున్నాయి. మన దేశంలో తయారైన ఒకదాని మందం 100 మైక్రాన్లు. వాటిని కూడా ఏళ్ల ఫలితాలు చూశాకే మెచ్చుకోవాలి.

మన సొమ్ము ఎక్కడ పెట్టాలి?

2017 ఫిబ్రవరిలో కేంద్రం స్టెంట్లకు గరిష్ఠ ధర పెట్టింది. అంతకుముందు లక్ష దాటిన మందు స్టెంటు, కరిగేదైనా సరే, 29,600 రూపాయలకు దిగింది. ఆ తర్వాత ధరను సవరిస్తూ వస్తున్నారు. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మొదలైన మొదటి మూడు జిల్లాల్లో మన మహబూబ్‌నగర్ ఒకటి. 2023 డిసెంబరులో దాని పరిమితి 10 లక్షలకు పెరిగింది. కనుక అర్హత ఉన్నవారికి ఆపరేషను ఖర్చు మునుపటంత భారం కాదు. అసలు భారం ఇంటికి వచ్చాక మొదలవుతుంది: మాత్రలు, హైదరాబాదు ప్రయాణాలు, పోయిన రోజు కూలి.

స్టెంటు వేయించుకున్నవారు రక్తం గడ్డకట్టకుండా రెండు రకాల మాత్రలు సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది వరకు వాడాలి. ఆ తర్వాత కూడా ఒకటి, కొవ్వు తగ్గించే మందుతో పాటు, చాలామందికి కొనసాగుతుంది. పైసలు లేక నడుమ ఆపేస్తే ఎంత మంచి స్టెంటైనా మూసుకుపోవచ్చు. అందుకే మా మనవి:

1. ఏ స్టెంటు వేయాలో గుండె డాక్టరుకు వదిలేద్దాం. ఖరీదైనదే కావాలని పట్టుబట్టవద్దు.

2. ఒక్కో రోగికి కనీసం ఏడాది మాత్రల బాధ్యత ఒక్కో దాత తీసుకోవాలి. పథకం కింద ఏవి వస్తాయో ఆరోగ్యమిత్రను అడిగి, మిగిలినవి జన ఔషధి కేంద్రంలో డాక్టరు సలహాతో కొనవచ్చు.

3. పన్ను పీకించుకోవాలన్నా గుండె డాక్టరును అడగకుండా మాత్ర ఆపవద్దు.

4. రంజాన్‌కు ముందే డాక్టరును కలవాలి. చాలా మందులను ఇఫ్తార్, సహరీ వేళలకు మార్చవచ్చు. వద్దంటే వద్దు. రోగికి రోజా విషయంలో మినహాయింపు మన ధర్మమే ఇచ్చింది.

5. బీడీ, సిగరెట్, గుట్కా మానకపోతే మన సాయం సగం వృథా.

ఒక్కసారి ఇచ్చే పెద్ద మొత్తం కన్నా నెలనెలా అందే చిన్న మొత్తం ఒక ఇంటి పెద్దను నిలబెట్టగలదు. అల్లాహ్ మన దానాలను స్వీకరించి, రోగులకు షిఫా ప్రసాదించుగాక. ఆమీన్.