ముందు చక్రాలే ఎందుకు నల్లబడతాయి?

సందేహాలు - సమాధానాలు

ప్రశ్న: కొత్త కారు. ఆదివారం చక్రాలు తళతళలాడేలా కడిగిస్తే, గురువారం వచ్చేసరికి ముందు చక్రాలు రెండూ మసి పూసినట్టు అయిపోతున్నాయి. వెనక చక్రాలు మాత్రం శుభ్రంగానే ఉంటున్నాయి. బండిలో ఏదైనా లోపమా?
- ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: లోపం కాదు. రోడ్డు దుమ్మే అయితే నాలుగు చక్రాలకూ పట్టాలి కదా! మీరు చూస్తున్నది బ్రేకుల పొడి. బ్రేకు నొక్కగానే బండి బరువు ముందుకు వాలుతుంది. అందుకే ఆపే పనిలో ఎక్కువ భాగం ముందు బ్రేకులదే. పైగా మన దగ్గర చాలా కార్లకు ముందు డిస్కు, వెనక డ్రమ్ము ఉంటాయి. డ్రమ్ము మూసి ఉంటుంది కాబట్టి దాని పొడి చాలావరకు లోపలే ఉండిపోతుంది. డిస్కు బయటికి తెరిచి ఉంటుంది, అరిగిందంతా నేరుగా మీ అలాయ్ మీద పడుతుంది.

ప్యాడ్లే అరుగుతాయని చాలామంది అనుకుంటారు. డిస్కు కూడా అరుగుతుంది, అది పోత ఇనుము. ప్యాడ్‌లో ఉక్కు పీచు, గ్రాఫైటు, వాటిని పట్టి ఉంచే రెజిన్ వంటివి ఉంటాయి. ఇవన్నీ వేడి మీద సన్నటి రజనులా ఎగిరి చక్రం మీది లాకర్ పూతకు అంటుకుంటాయి. నాలుగు రోజుల పొడి నీళ్లకే పోతుంది. నెలల తరబడి వదిలేస్తే తేమ తగిలి ఆ ఇనుము తుప్పు పడుతుంది. అప్పుడు గోధుమరంగు చుక్కలు కనిపిస్తాయి, వాటిని గోటితో గీకినా రావు. సిగ్నల్ సిగ్నల్‌కీ బ్రేకు తొక్కే మీ దారిలో వారానికోసారి కడగడం సరైన పద్ధతే. పొడి తక్కువ రాల్చే సిరామిక్ ప్యాడ్లు దొరుకుతాయి కానీ, చక్రాల అందం కోసం మంచి ప్యాడ్లు పీకించమని నేను చెప్పను. మార్చే సమయం వచ్చినప్పుడు మీ మోడల్‌కు సరిపడేవి ఉన్నాయేమో అడగండి.

ప్రశ్న: మా డ్రైవరు అలాయ్ వీల్స్‌కు బాత్రూమ్ కడిగే యాసిడ్ వేసి రుద్దాడు. ఆ రోజు మెరిశాయి. ఇప్పుడు తెల్లటి మచ్చలు తేలాయి. పోతాయా?
- ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: కడిగితే పోవమ్మా. బాత్రూమ్ యాసిడ్‌లోనూ, చాలా టాయిలెట్ క్లీనర్లలోనూ ఉండేది హైడ్రోక్లోరిక్ ఆమ్లం. అది తుప్పును కరిగిస్తుంది, కాబట్టి ఆ రోజుకు మెరుపు వస్తుంది. అంతటితో ఆగదు. రాయి తగిలి లాకర్ లేచిన చోట లోపలికి దూరి అల్యూమినియాన్ని తినేస్తుంది. ఆ తెల్లటి మచ్చ తిన్న జాడే. పాత పూత తీసేసి మళ్లీ రంగు వేయించాలి. డైమండ్ కట్ చక్రాలైతే లేత్ మీద ముఖం చెక్కించి లాకర్ వేయాలి, ఖర్చెక్కువ. అదే యాసిడ్ నట్ల మీదా, డిస్కు మీదా కూడా చిమ్మి ఉంటుంది కనుక ఒకసారి మెకానిక్‌కు చూపించండి. కాస్టిక్ సోడా కూడా అల్యూమినియాన్ని తింటుంది, ఆ ప్రయోగమూ వద్దు. డ్రైవరును మాత్రం తిట్టకండి, ఈ చిట్కా ఊరూరా ఉంది.

ఇకపై ఇలా చేయించండి. బండి ఆగిన అరగంటకు, చక్రం చేతికి చల్లగా తగిలాక, నీడలో మొదలుపెట్టాలి. ముందు పైపుతో ఒట్టి నీళ్లు గట్టిగా కొట్టాలి. పొడి చక్రాన్ని గుడ్డతో తుడిస్తే ఆ ఇనుప రజనే గీతలు పెడుతుంది. తర్వాత బకెట్టులో కారు షాంపూ కలిపి, మెత్తటి బ్రష్షుతో స్పోకుల వెనక భాగం, నట్ల గుంటలు, చివరగా ముఖం. ఒక చక్రం కడిగి ముగించాకే ఇంకోటి. ఎండ తగిలి సబ్బు ఆరిపోతే మరకే మిగులుతుంది. ఈ బకెట్టూ గుడ్డలూ చక్రాలకే ఉంచాలి. వాటర్ సర్వీసింగ్‌కు ఇచ్చినప్పుడు దగ్గరుండి చూడండి, టైర్లు తుడిచిన గుడ్డే బానెట్ మీదికి ఎక్కుతుంటుంది.

షాంపూకు లొంగని గోధుమ చుక్కలకు కారు సామాన్ల షాపుల్లో ‘ఐరన్ రిమూవర్’ అడగండి. తడి తుడిచిన చల్లటి చక్రం మీద కొడితే రెండు మూడు నిమిషాల్లో ఆ ద్రవం ఊదారంగుకు తిరిగి, స్పోకుల వెంట చారలు చారలుగా కారుతుంది. అందులోని థయోగ్లైకోలేట్ ఇనుముతో కలిస్తే వచ్చే రంగది. కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. రోమాలు తీసే క్రీముల్లోనూ ఇదే జాతి రసాయనం ఉంటుంది, ఆ వాసన మీకు తెలిసినదే అయి ఉండొచ్చు. చేతులకు గ్లవ్స్ వేసుకుని, గాలి ఆడేచోట వాడి, ఆరకముందే బాగా కడిగేయాలి. మూడు నాలుగు నెలలకోసారి చాలు. కొట్టినా రంగు మారలేదంటే అక్కడ ఇనుము లేదని అర్థం, ఇంకా పోయడం దండగ.

ప్రశ్న: వానల్లో పొలానికి వెళ్లొచ్చిన దగ్గర్నుంచి 80 దాటితే స్టీరింగ్ వణుకుతోంది. కారు కడిగించాను కూడా. మెకానిక్ అలైన్‌మెంట్ చేయించమంటున్నాడు.
- ఒక రైతు, నరసరావుపేట

జవాబు: డబ్బు పెట్టేముందు టార్చిలైటు తీసుకుని కారు పక్కన వంగండి. చక్రం ముఖం కాదు, లోపలివైపు రిమ్ము చూడండి. మీ రేగడి మట్టి అక్కడ ఒకవైపు ముద్దగా అంటుకుని ఎండిపోయి ఉంటుంది. బయట నుంచి ఎంత కడిగినా అది కదలదు. చక్రాన్ని బ్యాలెన్స్ చేసేటప్పుడు గ్రాముల లెక్కన సీసమో ఉక్కో అంటిస్తారు. అలాంటి చోట గుప్పెడు మట్టి ఉంటే వేగంలో వణకక ఏం చేస్తుంది? నీళ్లు కొట్టి పావుగంట నాననిచ్చి, కర్రతోనో ప్లాస్టిక్ గరిటెతోనో తీయండి. పలుగు, స్క్రూడ్రైవర్ వద్దు. చిన్న చిన్న బిళ్లల వరస కనిపిస్తే ముట్టుకోకండి, అవే బ్యాలెన్సింగ్ బరువులు. బండిని కొంచెం ముందుకు జరిపి మిగతా సగం కూడా చూడాలి. మట్టంతా పోయాకా వణుకుంటే అప్పుడు వీల్ బ్యాలెన్సింగ్ చేయించండి. స్టీరింగ్ వణుకుకు ముందు చూడాల్సింది అదే. బండి ఒక పక్కకు లాగినా, టైరు ఒకవైపే అరిగినా అలైన్‌మెంట్ సంగతి ఆలోచించాలి.

ప్రశ్న: ఎడమవైపు ముందు చక్రం ఒక్కటే మరీ నల్లగా ఉంటోంది. ఎందుకు?
- ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఇది తుడిచి ఊరుకునే వ్యవహారం కాదు. అటువైపు క్యాలిపర్ పట్టేసి, కాలు తీసినా ప్యాడ్ డిస్కును వదలడం లేదేమో. కొంతదూరం నడిపి దిగాక రెండు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టండి. తాకవద్దు, సెగ చాలు. అటుపక్క సెగ బాగా ఎక్కువగా ఉన్నా, మాడిన వాసన వచ్చినా ఈ వారమే బ్రేకులు విప్పించండి. నలుపు పొడిగా కాకుండా జిడ్డుగా, చక్రం లోపలివైపు చిమ్మినట్టు ఉంటే యాక్సిల్ బూటు చిరిగి గ్రీజు వస్తోందేమో చూడాలి. పల్చటి నూనెలా తడి కనిపిస్తే బ్రేక్ ఆయిల్ కావచ్చు, అప్పుడు బండి నడపకండి. విప్పిన మెకానిక్ ఆ పొడిని గాలి పైపుతో ఊదబోతే ఆపండి. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. లేకపోయినా ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోవాల్సింది కాదు. తడిగుడ్డతో తీయమనండి.

ప్రశ్న: కడిగిన మర్నాడు డిస్కుల మీద ఎర్రటి తుప్పు వస్తోంది. మాది ఎలక్ట్రిక్ కారు, సముద్రానికి దగ్గర్లో ఇల్లు.
- ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: తడిసిన పోత ఇనుముకు ఒక్క రాత్రి చాలు, అందులోనూ ఉప్పుగాలి. మామూలు కార్లలో నాలుగుసార్లు బ్రేకు వేస్తే గీసుకుపోతుంది. ఎలక్ట్రిక్ కారులో వేగం తగ్గించే పని చాలావరకు మోటారే చూసుకుని కరెంటు వెనక్కి పంపుతుంది కాబట్టి ప్యాడ్లకు పని తక్కువ, చక్రాలకు మసి తక్కువ, డిస్కుకు తుప్పు ఎక్కువ. యూరప్ యూరో 7 నిబంధనలు మొదటిసారి బ్రేకుల పొడికీ హద్దు పెట్టాయి. మామూలు కార్లకు కిలోమీటరుకు 7 మిల్లీగ్రాములైతే ఎలక్ట్రిక్ కార్లకు 3 మాత్రమే. కడిగిన వెంటనే షెడ్డులో పెట్టేయకుండా, వీధిలో ఓ చుట్టు తిప్పి మెల్లగా కొన్నిసార్లు బ్రేకు వేసి ఆరబెట్టండి. తుప్పు రాకుండా డిస్కుకు నూనె, స్ప్రే, పాలిష్ రాయడం మాత్రం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే. టైరు పాలిష్ కూడా గుడ్డకు అద్ది పక్కల మాత్రమే పూయండి. ఘాట్ రోడ్డు దిగి వచ్చి కాలుతున్న డిస్కుల మీద చన్నీళ్లు కొట్టించవద్దు, వంకర పోవచ్చు.

ప్రశ్న: ఇంటి ముందు డ్రైవ్‌వేలో కారు కడగొద్దని పక్కింటాయన అన్నారు. నీళ్ల పొదుపు కోసమేనా?
- ఒక పాఠకుడు, ఫ్రీమాంట్, కాలిఫోర్నియా

జవాబు: అదొక్కటే కాదు. మీ వీధి పక్కన వాననీటి కాలువలోకి పోయింది సాధారణంగా శుద్ధి లేకుండానే వాగుల్లోకి, బేలోకి చేరుతుంది. కార్ వాష్‌లో అయితే మురుగు లైనులోకి పోతుంది. బ్రేకు పొడిలోని రాగి సాల్మన్ చేపల వాసన పట్టే శక్తిని దెబ్బతీస్తుంది. అందుకే మీ రాష్ట్రం 2010లో చట్టం చేసి, ప్యాడ్లలో రాగిని 2021 నుంచి 5 శాతానికీ, 2025 నుంచి అర శాతానికీ కట్టడి చేసింది. చక్రాలు కార్ వాష్‌లోనే కడుక్కోండి.

ప్రశ్న: కారు పూజలో చక్రాలకు పెట్టిన పసుపు, కుంకుమ మరకలుగా మిగిలాయి.
- ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: పసుపు రంగు ఎండకు దానంతటదే వెలిసిపోతుంది, షాంపూతో కడిగి కొన్నాళ్లు ఆగండి. కుంకుమలో కృత్రిమ రంగు కలిస్తే మొండిగా ఉంటుంది. కారు పాలిష్ కొద్దిగా మెత్తటి గుడ్డకు తీసుకుని, ఒత్తకుండా రుద్దండి. పీచు, విమ్ములాంటి పొడి వద్దు. చక్రాల కింద తొక్కించిన నిమ్మకాయల రసం కూడా అదే రోజు కడిగేయండి. వచ్చే దసరాకు టైరు రబ్బరు మీద బొట్టు పెడితే సరి.