సైకిలుతో రైలెక్కేవారికి ఎనిమిది మాటలు

కాలిఫోర్నియాలోని సన్నీవేల్, మౌంటెన్‌వ్యూల్లో కొత్తగా ఉద్యోగాల్లో చేరిన మన పిల్లలు కనబడితే చాలు, ‘అంకుల్, సైకిలు రైల్లోకి ఎక్కనిస్తారా?’ అని అడుగుతున్నారు. నిక్షేపంగా ఎక్కనిస్తారు. శాన్‌ఫ్రాన్సిస్కో, శాన్‌హోసేల మధ్య నడిచే కాల్‌ట్రెయిన్ 1992 నుంచీ ఎక్కనిస్తోంది. పైగా సైకిలుకు వేరే టికెట్టు లేదు. ఆ బోగీల్లో ఏళ్ల తరబడి తిరిగినవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది వరసగా రాస్తున్నాను.

1. రెండు కొసలూ లెక్క చూసుకోండి.
రైలు మనల్ని స్టేషను దాకానే తీసుకెళ్తుంది. ఇంటి నుంచి స్టేషనుకు రెండు మైళ్లు, అవతల దిగాక ఆఫీసుకు మూడు మైళ్లు ఉన్నవాడికి మధ్యలో రైలు ఎంత వేగంగా పోతే ఏం లాభం? సైకిలు ఇవతలి స్టేషన్లో వదిలేసి వెళ్తే ఒకవైపు దూరమే కలిసొస్తుంది. వెంట తీసుకెళ్తే రెండు వైపులా పనికొస్తుంది. అవతల ఆఫీసు నడిచిపోయేంత దగ్గరైతే మాత్రం సైకిలు ఇవతలే పెట్టి వెళ్లండి. బోగీలో ఆ చోటు, దిగాక దూరం వెళ్లేవాడికి దక్కుతుంది.

2. దిగే ఊరి చీటీ కట్టండి.
అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఇదే. పక్కన సైకిలు గుర్తున్న బోగీ సైకిళ్లది. లోపల ఒక్కో స్టాండుకు నాలుగు సైకిళ్లు ఒకదానికొకటి ఆనించి, సాగే రబ్బరు తాడుతో బిగిస్తారు. గోడవైపున్నది తీయాలంటే దాని ముందున్న మూడూ జరగాలి. అందుకే ప్రతి సైకిలుకూ దిగే స్టేషను పేరున్న చీటీ వేలాడుతుంటుంది. సన్నీవేల్‌లో ఎక్కి శాన్‌ఫ్రాన్సిస్కో పోయేవాడు తనది లోపలికి పెట్టాలి. పాలో ఆల్టోలో దిగేవాడిది బయటికి ఉండాలి. చీటీ లేకపోతే, ‘ఎక్కడ దిగుతారు?’ అని పక్కవాణ్ణి నోరు తెరిచి అడగండి. ఎవరూ ఏమీ అనుకోరు. అడగకుండా అడ్డంగా పెట్టి పైకెళ్లి కునుకు తీస్తే మాత్రం తప్పకుండా అనుకుంటారు.

3. మీ స్టేషను రాకముందే లేచి సిద్ధంగా ఉండండి.
రైలు ఆగేది కాసేపే. ఆగాక తాడు విప్పడం మొదలుపెడితే మీరూ దిగలేరు, కింద నిలబడ్డవాళ్లూ ఎక్కలేరు. ముందు దిగేవాళ్లను దిగనిచ్చి తర్వాత ఎక్కాలి. పాత డీజిల్ బోగీలకు మెట్లు నిటారుగా, ఇరుకుగా ఉండేవి. సైకిలు భుజాన వేసుకుని ఎక్కాల్సి వచ్చేది. చైను ఒంటికి తగలకుండా ఎత్తడం చేతకానివాడి ప్యాంటు ఆఫీసు చేరేసరికి గ్రీజు మరకే.

4. బోగీ నిండితే కండక్టరుతో వాదించకండి.
చోటు లేదంటే లేదు. ఆయన లెక్క ఆయనకుంటుంది. పొద్దున ముఖ్యమైన మీటింగు ఉన్న రోజు ఒక బండి ముందు బయల్దేరండి. గట్టి తాళం ఎప్పుడూ సంచిలో ఉంచుకోండి. చాలా స్టేషన్లలో బైక్‌లింక్ కార్డుతో తెరుచుకునే సైకిలు లాకర్లున్నాయి. ఆ కార్డొకటి జేబులో ఉంటే రైలెక్కనివ్వని రోజున కూడా సైకిలు క్షేమంగా ఉంటుంది. మడత సైకిలుంటే ఈ బెడదే ఉండదు. దాన్ని మామూలు బోగీలోకీ తీసుకెళ్లొచ్చు.

5. సైకిలు కంటికి ఆనేచోట కూర్చోండి.
పాత బోగీల్లో పైన సీట్లలో కూర్చుంటే కింద సైకిళ్లన్నీ కనబడేవి. 2024 సెప్టెంబరు నుంచి అన్నీ కరెంటు రైళ్లే. బండికి రెండు సైకిలు బోగీలు, 72 సైకిళ్లకు చోటు. కానీ వాటి పక్కన సీట్లు తక్కువన్న ఫిర్యాదు ఉంది. అక్కడ సీటు దొరక్కపోతే ప్రతి స్టేషన్లోనూ ఓసారి తొంగిచూడండి. దొంగ ఎక్కేదీ దిగేదీ అక్కడే.

6. రూల్స్ రైలుకో తీరు, తెలుసుకుని వెళ్లండి.
మిల్‌బ్రే స్టేషన్లో కాల్‌ట్రెయిన్ దిగి బార్ట్ అనే మరో రైలెక్కితే లెక్క మారిపోతుంది. అక్కడ సైకిళ్లకు విడిగా బోగీ లేదు. మొదటి బోగీలోకి సైకిలు ఎక్కించకూడదు. ఏ బోగీ అయినా కిక్కిరిసి ఉంటే దూరకూడదు. ‘నిన్న ఆ రైల్లో ఊరుకున్నారుగా’ అంటే ఈ రైల్లో చెల్లదు.

7. అనుమానం తీరాలంటే నడిపి చూడాలి.
ఒకప్పుడు బార్ట్‌లో ఆఫీసు వేళల్లో సైకిలు నిషేధం. జనం రద్దీలో సైకిళ్లేమిటని అధికారుల భయం, ఎందుకు కుదరదని సైకిలువాళ్ల పట్టు. వాదనతో తేలలేదు. 2012 ఆగస్టులో శుక్రవారాలు మాత్రం అనుమతించి చూశారు. 2013 మార్చిలో ఒక వారం, జులై నుంచి అయిదు నెలలు పరీక్ష పెట్టారు. కొంప మునిగిపోలేదు. ఆ ఏడాది చివరికి నిషేధం శాశ్వతంగా పోయింది. అయితే రద్దీ వేళల్లో మొదటి మూడు బోగీలు సైకిలు లేనివాళ్లకు వదిలేశారు. సైకిలంటే చిరాకుపడే ప్రయాణికుడికి కూడా ఒక చోటు మిగిల్చారు కాబట్టే అది నిలబడిందని నా నమ్మకం.

8. నిలబడి ప్రయాణించేవాడి ముఖం చూడండి.
సైకిళ్ల కోసం బోగీల్లో కొన్ని సీట్లు తీసేశారు. టికెట్టు కొని నిలబడ్డవాడికి మీ సైకిలు మీద కోపం రావడం న్యాయమే. బురద చక్రం అతని కాలికి తగిలితే ఆ కోపం రేపు అర్జీ అవుతుంది. సైకిలు బోగీని కాపాడేది రూలు కాదు, అందులో తిరిగేవాళ్ల నడవడిక.

మన దేశంలోనూ సైకిళ్లను రైలెక్కనివ్వడం మొదలైంది. కొచ్చి మెట్రో 2020 నవంబరులో ఆరు స్టేషన్లతో ప్రారంభించి తర్వాత అన్నిటికీ విస్తరించింది. హైదరాబాదు మెట్రోను కూడా ఇలాగే అడగాలనుకుంటారా? దాని రైలుకు మూడే బోగీలు. ఆఫీసు వేళల్లో కాలు పెట్టడానికే చోటుండదు, కాబట్టి ఆ వేళల్లో మడవలేని సైకిళ్లకు అనుమతి అడగడం అన్యాయం. ఆదివారం ఉదయం, చివరి బోగీలో, కొన్ని నెలలు నడిపి చూడమని అడగండి. ఆ ఉదయాల్లో సైకిలు వల్ల తోటి ప్రయాణికుడికి ఇబ్బంది రాకుండా చూసుకోండి. మిగతా రోజులు అడిగే అర్హత అప్పుడే వస్తుంది.