వార్డు స్టాకుకు ట్యాగులు పెట్టాలా?

ప్రశ్న: మాది 100 పడకల ఆసుపత్రి. వార్డుల్లో సామాను లెక్క ఎప్పుడూ తేలదు. గడువు దాటినవి అల్మారాల అడుగున బయటపడుతున్నాయి. అన్నిటికీ ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు అతికించేద్దామా?
- స్టోర్స్ ఇన్‌చార్జి, గుంటూరు

జవాబు: అన్నిటికీ వద్దండి. టోల్‌గేటు దగ్గర ఫాస్టాగ్‌ను చదివే పద్ధతే ఇదీ. ట్యాగులో బ్యాటరీ ఉండదు, రీడర్ పంపే రేడియో తరంగాల శక్తితోనే తన నంబరు చెబుతుంది. చిక్కల్లా ఆ తరంగాలతోనే. నీళ్లు వాటిని పీల్చేసుకుంటాయి, లోహం తిప్పికొడుతుంది. ట్యాగు సెలైన్ బాటిళ్ల వెనక్కి పోయినా, స్టీలు ట్రేకి అంటుకున్నా రీడర్‌కు అందకపోవచ్చు. అప్పుడు అరలో 12 ఉంటే స్క్రీన్ మీద 11 కనబడతాయి. నర్సులు ఇక ఆ స్క్రీన్‌ను నమ్మరు.

స్టెంట్లు, పేస్‌మేకర్లు, ఇంప్లాంట్లకు మాత్రం పెట్టించండి. వాటిలో ఒక్కటి గడువు దాటినా వేలల్లో నష్టం. రీడర్ ఉన్న అల్మారా తలుపు మూయగానే ఏది తగ్గిందో, దేనికి గడువు దగ్గరపడిందో తెలుస్తుంది. ట్యాగును లోపలి రేకు కవరుకు కాక పై అట్టపెట్టెకు అతికించాలి.

సిరంజిలు, దూది, గ్లౌజులకు రెండు డబ్బాల పద్ధతి మేలు. ఇందులో ట్యాగు వస్తువుకు కాదు, డబ్బాకు. ముందు డబ్బా ఖాళీ కాగానే దాని ట్యాగును గోడ మీది బోర్డుకు తగిలిస్తే స్టోర్స్‌కు కబురు అందుతుంది. ఈలోగా రెండో డబ్బా వాడుకుంటారు.

ఐసీయూలో మాత్రం తొందరపడకండి. రీడర్ దగ్గరగా ఉంటే కొన్ని పంపులు, వెంటిలేటర్లు ఆగిపోవచ్చని 2008లో నెదర్లాండ్స్ పరిశోధకులు చూపించారు. రోగికి తగిలించని పరికరాలతో ముందు మీ బయోమెడికల్ ఇంజినీరుతో పరీక్ష చేయించండి.