ఇరవై నెలలు డ్యూటీ లేకుండా

2017లో కాగజ్‌నగర్‌లో మా నాయినకు పక్షవాతం వచ్చింది. నేను చంద్రపూర్‌లో ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్‌ని, 51 ఏళ్లు. సెలవులన్నీ అయిపోయాక రాజీనామా ఇచ్చాను. మళ్లీ డ్యూటీ ఎక్కడానికి 20 నెలలు పట్టింది. మొన్న మా మేనల్లుడు ‘కొన్నాళ్లు ఉద్యోగం మానేద్దామనుకుంటున్నా మామా’ అంటే చెప్పిన మాటలివి.

1. ఖర్చు కాగితం మీద రాయి. నేను కిరాయి, కిరాణా, ఫీజులు నోటితో లెక్కేసుకున్నాను. నాయిన దగ్గరికి వెళ్లడానికి బల్లార్షాలో వారానికి రెండుసార్లు రైలెక్కుతానని, మందులు కొనాలని, పెళ్లిళ్లకు చదివింపులుంటాయని తట్టలేదు. ఆరు నెలలకని దాచింది నాలుగో నెలకే ఊడ్చుకుపోయింది.

2. పీఎఫ్ పెన్షన్‌కు కనీసం 10 ఏళ్ల సర్వీసు కావాలి. నీకు ఎనిమిదే. ఆ పెన్షన్ వాటా డబ్బు తీసేసుకుంటే ఎనిమిదేళ్లూ పోయినట్టే. తీసుకోకుండా స్కీమ్ సర్టిఫికెట్ అడుగు, రేపటి కొలువులో పాత సర్వీసు కలుస్తుంది. నాతో పనిచేసిన ఒకతను ఆ డబ్బుతో బండి కొన్నాడు. బండీ ఇప్పుడు లేదు.

3. పొద్దున ఆరింటికి ఇల్లు కదలాలి. షిఫ్టుకు అలవాటైన ఒళ్లు ఇంట్లో ఊరుకోదు, ఇంట్లోవాళ్లనూ ఊరుకోనివ్వదు. నాకీ సంగతి తెలియడానికి రెండు నెలలు పట్టింది, మా ఆవిడకు రెండు రోజులే. ఆ ఏడే ఎకో-ప్రో అనే స్వచ్ఛంద సంస్థ వాళ్లు చంద్రపూర్‌లోని గోండు రాజుల కోటగోడను శుభ్రం చేయడం మొదలుపెట్టారు. ఊళ్లో ఉన్న రోజుల్లో నేనూ వెళ్లాను. రాళ్ల సందుల్లో మొలిచిన చెట్లు కొట్టడం, చెత్త ఎత్తడం. ‘ఇప్పుడెక్కడ చేస్తున్నారు’ అని అక్కడెవరూ అడగలేదు. ఎలక్ట్రీషియన్‌నని తెలిసి ఒకాయన మాత్రం వాళ్లింట్లో కూలర్ చూడమన్నాడు.

4. ఆ కూలరే నన్ను నిలబెట్టింది. మా ఊళ్లో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. మోటారు కాలితే ఆ రాత్రి ఆ ఇంట్లో నిద్ర ఉండదు. ఏళ్లుగా మనుషుల చేత పని చేయించడమే తప్ప నేను తీగ చుట్టింది లేదు. మొదటి రెండు రివైండింగులూ చెడగొట్టి నా డబ్బులతోనే బాగుచేశాను. ఆ తర్వాత చెయ్యి తిరిగింది. ప్రతి మోటారుకూ తేదీ, లోపం, చేసిన పని నోటుబుక్కులో రాసిపెట్టాను.

5. ఇది పాఠం కాదు, నాకు పడ్డ మొట్టికాయ. కాగజ్‌నగర్ పేపర్ మిల్లు 2014లో మూతపడి, 2018లో జేకే పేపర్ చేతికి వచ్చాకే తెరుచుకుంది. ఆ మధ్యలో నాయిన దగ్గరికి వెళ్లినప్పుడల్లా మిల్లులో చేసిన నా చిన్ననాటి దోస్తులకు చాయ్ దగ్గర ఇవే నీతులు చెప్పేవాణ్ని. ఒకడన్నాడు: ‘నీది నువ్వు తీసుకున్న సెలవు రా, మాది వచ్చి పడ్డది.’ అప్పటినుంచి అడిగినవాళ్లకే చెబుతున్నాను.

6. ఇంటర్వ్యూలో అబద్ధం వద్దు. ఒకచోట ‘సొంత వ్యాపారం’ అన్నాను. జీఎస్టీ నంబరెంత అని అడిగారు, దొరికిపోయాను. తర్వాతి చోట నాయినను చూసుకున్నానని చెప్పి నోటుబుక్కు బల్ల మీద పెట్టాను. అరగంట మోటార్ల గురించే మాట్లాడుకున్నాం. ఉద్యోగం ఇచ్చారు, పాతదానికంటే నాలుగు వేలు తక్కువకు.

ఆ నోటుబుక్కు ఇంకా ఉంది, అల్లుడా. రాజీనామా రాసేముందు ఒక ఆదివారం వచ్చి చూసిపో.