హైదరాబాద్ బెలూన్‌కు చిక్కిన సూక్ష్మజీవులు

తెలంగాణలోని మందమర్రి గనుల్లోని బొగ్గు 25 కోట్ల ఏళ్లకు పైబడిన కాలం నాటి మొక్కల అవశేషం. నేల లోతుల్లో జీవం ఆనవాళ్లు ఇవి. మరి ఆకాశంలో?

2005 ఏప్రిల్ 20న హైదరాబాద్‌లోని టాటా మౌలిక పరిశోధన సంస్థ బెలూన్ కేంద్రం నుంచి ఇస్రో 459 కిలోల పరికరాలను బెలూన్‌లో పైకి పంపింది. 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో గాలి నమూనాలు సేకరించింది. హైదరాబాద్ సీసీఎంబీ, పుణె ఎన్‌సీసీఎస్ పరిశోధన సంస్థల పరీక్షల్లో 12 బ్యాక్టీరియా, 6 శిలీంధ్ర సమూహాలు బయటపడ్డాయి. వాటిలో మూడు కొత్త జాతులు: జానిబాక్టర్ హోయ్లీ (శాస్త్రవేత్త ఫ్రెడ్ హోయల్ పేరిట), బాసిల్లస్ ఇస్రోనెన్సిస్, బాసిల్లస్ ఆర్యభట. అవి అంతరిక్షం నుంచే వచ్చాయని మాత్రం రుజువు కాలేదు.

భూమికి అవతలి జీవం శాస్త్రానికి ఇంకా ప్రశ్నే. ఇతర లోకాల ఆలోచన మాత్రం మతాలకు పాతదే. మన పురాణాలు 14 లోకాలను చెబుతాయి. అనంత ప్రపంచాలున్నాయన్న ఇటలీ తత్వవేత్త బ్రూనోను, మరికొన్ని మత అభియోగాలు కూడా మోపి, 1600లో రోమ్‌లో సజీవ దహనం చేశారు.

అదే రోమ్ చెంత, 2009 నవంబరులో వాటికన్ శాస్త్ర అకాడమీ గ్రహాంతర జీవంపై సదస్సు జరిపింది.